కార్తీక స్నానాలకు ముందే సముద్రపు నీటి లెక్క చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కార్తీక మాసం దగ్గర పడగానే తీరం పొడవునా ఏర్పాట్ల వార్తలు మొదలవుతాయి. భీమిలి, ఆర్కే బీచ్, మంగినపూడి, సూర్యలంక, వాడరేవు, మైపాడు: ఎక్కడ ఎన్ని తాత్కాలిక మరుగుదొడ్లు పెడుతున్నారు, ఎంతమంది గజ ఈతగాళ్లను ఉంచుతున్నారు, బారికేడ్లు ఎక్కడిదాకా అన్నవి చదువుతాం. అవన్నీ కావలసినవే. మునిగిపోయే ప్రమాదమే అన్నిటికన్నా పెద్దది, దాని మీద ముందుగా శ్రద్ధ పెట్టడం సబబే. కానీ భక్తులు మూడు మునకలు వేసే ఆ నీటిలో ఆ వారం మల బ్యాక్టీరియా ఎంత ఉందో ఒడ్డున బోర్డు మీద రాసే పద్ధతి మాత్రం మన దగ్గర ఇంకా స్థిరపడలేదు. తీర జలాల పరీక్షల పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ లెక్క ఎలా తీయాలో, ఎక్కడ తప్పుతుందో, తప్పితే ఏమవుతుందో వివరంగా రాస్తున్నాం. ఉత్తరం కాస్త పొడవైనా ప్రచురించమని మనవి.

ముందు కార్తీకం సంగతే చూద్దాం. సముద్ర స్నానం తిథిని బట్టి జరుగుతుంది. పౌర్ణమికీ అమావాస్యకూ ఆటుపోట్లు పెద్దవి. విశాఖ తీరంలో ఆ రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. మామూలు రోజుల్లో నీరు అందని ఇసుక మీదికి కూడా పోటు ఎక్కుతుంది, గెడ్డల (కొండల మీది వాన నీరు దిగే కాలువల) ముఖాల్లోకి చొరబడుతుంది. పాటు తీసేటప్పుడు అక్కడ నిలవ ఉన్న మురుగునూ, ఇసుకలో చేరిన బ్యాక్టీరియానూ వెంట లాక్కుని జనం నిలబడే నడుం లోతు నీటిలోకి తెస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాలో 60 బీచ్‌ల పాత లెక్కలను ఆటుపోట్లతో పోల్చి చూసినప్పుడు ఎక్కువ చోట్ల ఇదే తేలింది. పెద్ద పోట్ల రోజుల్లో, అందులోనూ పాటు తీసే వేళ, ఎంటరోకాకై అనే మల బ్యాక్టీరియా సంఖ్య పెరిగింది.

దీనికి తోడు మన తూర్పు తీరంలో సముద్రమట్టం ఏడాదిలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది అక్టోబరు, నవంబరు నెలల్లో. మార్చిలో బాగా తగ్గుతుంది. ఆ రెండు నెలలే ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు, తుపాన్ల కాలం. వాన పడితే ఊరి కాలువల్లోని మురుగంతా ఒక్కసారిగా సముద్రంలోకి దిగుతుంది.

ఇక స్నానం చేసే వేళ. సముద్రపు నీటిలో మల బ్యాక్టీరియాను వేగంగా చంపేది ఎండ. నడి మధ్యాహ్నం తేట నీటిలో ఈ-కోలి బ్యాక్టీరియాలో నూటికి తొంభై కొద్ది గంటల్లోనే చస్తాయి. చీకట్లో అన్నే చావడానికి రోజులు పట్టవచ్చు. రాత్రంతా చేరిన మురుగుకు తెల్లవారుజామున ఇంకా ఎండ సోకి ఉండదు. వానల కాలం, ఎత్తుగా ఉన్న సముద్రం, పౌర్ణమి పోటు, సూర్యోదయానికి ముందు వేళ, ఈ నాలుగూ కలిసే రోజునే వేల మంది, చంటిపిల్లలతో వృద్ధులతో సహా, ఒకే చోట నీటిలో దిగుతారు. ఆచారాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. స్నానం చేసేవాళ్లు తిథినీ వేళనూ మార్చుకోరు, మార్చుకోవాలని అడగడం న్యాయం కూడా కాదు. మార్చగలిగింది స్నానానికి దింపే చోటు. ఆ చోటును ఎంచుకోవడానికి పరీక్ష ఫలితం కావాలి.

ఎంత ఉంటే ఎక్కువ అన్నదాంట్లోనే పెద్ద గందరగోళం ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీర జలాలను ఐదు తరగతులు చేసింది. స్నానానికి, నీటి ఆటలకు వర్తించేది ఎస్‌డబ్ల్యూ-2. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఫీకల్ కోలిఫాం (మలంలో ఉండే ఒక బ్యాక్టీరియా వర్గం) 100 మించకూడదు. వానాకాలానికి, ఏడాదిలో కొద్ది నమూనాలకు 200 దాకా సడలింపు ఉంది. పీహెచ్ 6.5 నుంచి 8.5, కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు, బీవోడీ (నీటిలోని మలినాలు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాముల లోపు, మసక 30 ఎన్‌టీయూ (మసకను కొలిచే ప్రమాణం) లోపు అన్నవి మిగతా షరతులు. నదీ స్నానాలకు ఉన్న పరిమితులు వేరు. అక్కడ ఫీకల్ కోలిఫాం 500 వాంఛనీయం, గరిష్ఠం 2,500. పుష్కరాల వల్ల ఈ 2,500 అన్న అంకె అందరికీ అలవాటైంది. దాన్ని సముద్రానికి తెచ్చి పెట్టి ‘పరిమితిలోపే ఉంది’ అంటే ఇరవై అయిదు రెట్ల తప్పు. ఇకమీదట ఏ అధికారి నోటైనా ‘పరిమితిలోపే’ అన్న మాట వస్తే, ఏ పరిమితి అని మీ విలేకరులు వెంటనే అడగాలని కోరుతున్నాం.

ఇంకో చిక్కు, లెక్కపెట్టే బ్యాక్టీరియా ఏదన్నది. ఫీకల్ కోలిఫాం ఉప్పునీటిలో, ఎండలో త్వరగా చచ్చిపోతుంది. మురుగుతో పాటు వచ్చే వైరస్‌లు అంత త్వరగా పోవు. అందువల్ల కోలిఫాం లెక్క తక్కువ చూపినా రోగకారకాలు నీటిలో మిగిలి ఉండవచ్చు. ఎంటరోకాకై ఉప్పుకు ఎక్కువ తట్టుకుంటుంది. 1970లలో అమెరికా బీచ్‌లలో స్నానం చేసినవాళ్లకు వచ్చిన వాంతులు, విరేచనాలను నీటి పరీక్షలతో పోల్చినప్పుడు బాగా సరిపోయింది ఎంటరోకాకై లెక్కే. అందుకే అక్కడి పర్యావరణ సంస్థ 1986లో సముద్ర స్నానాలకు దాన్నే ప్రమాణంగా సిఫారసు చేసింది. 2012లో సవరించిన ప్రమాణం ప్రకారం జ్యామితీయ సగటు (అంకెలను కూడకుండా గుణించి, మూలం తీసి కట్టే సగటు) 100 మి.లీ.కు 35 దాటకూడదు. యూరప్‌లో 2006 ఆదేశం ప్రకారం సముద్రపు నీరు ‘ఉత్తమం’ అనిపించుకోవాలంటే ఎంటరోకాకై 100, ఈ-కోలి 250 లోపు ఉండాలి. బీచ్‌లకు బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు ఇచ్చే సంస్థ తీసుకున్నవి ఈ రెండు అంకెలే.

బ్లూ ఫ్లాగ్ అనగానే రుషికొండ గుర్తొస్తుంది. 2020లో దేశంలో తొలి విడత ఆ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో అది ఒకటి. నీటి నాణ్యత కూడా అందులో ఒక షరతు కాబట్టి అక్కడ ఈ రెండు బ్యాక్టీరియాలకూ సీజన్‌లో కనీసం ఐదు నమూనాలు, నమూనాకూ నమూనాకూ మధ్య 31 రోజులు దాటకుండా తీయాలి. ఫలితాలను బోర్డు మీద పెట్టాలి. మన రాష్ట్రంలో ఒక చోట ఈ నియమం అమలు చేయాల్సిన బాధ్యత ఇప్పటికే ఉందన్నమాట. అయితే ఆ గుర్తింపు బీచ్‌లో హద్దులు గీసిన ముక్కకే పరిమితం. ఆర్కే బీచ్‌కూ, లాసన్స్ బేకూ, జోడుగుళ్లపాలానికీ అది వర్తించదు. జనం ఎక్కువగా దిగేది ఇక్కడే, ఊరి నీరు వచ్చి కలిసేదీ ఇక్కడే.

లెక్క కట్టడంలో జరిగే తప్పును ఒక ఉదాహరణతో చెప్పాలి. ఒక చోట అయిదు నెలలు ఈ-కోలి పరీక్షిస్తే 20, 30, 40, 60, 900 వచ్చిందనుకుందాం. ఇవి వివరించడానికి మేం వేసుకున్న అంకెలు. మామూలు సగటు 210. పరిమితి 250 కాబట్టి నీరు బాగుందని నివేదికలో రాసేయవచ్చు. జ్యామితీయ సగటు కడితే 66 వస్తుంది, ఇంకా బాగున్నట్టు కనిపిస్తుంది. కానీ 250 అన్నది సగటుకు పెట్టిన హద్దు కానే కాదు. అది 95వ పర్సంటైల్‌కు పెట్టిన హద్దు, అంటే నూటికి తొంభై అయిదు సార్లు నీరు దాని లోపే ఉండాలి. దాన్ని కట్టే పద్ధతి ఇది: ప్రతి అంకెకు పది ఆధారంగా లాగరిథం తీసి, వాటి సగటుకు ప్రామాణిక విచలనాన్ని (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 1.65తో గుణించి కలిపి, తిరిగి మామూలు అంకెలోకి మార్చాలి. మన ఉదాహరణలో లాగరిథంల సగటు 1.82, విచలనం 0.66, ఫలితం దాదాపు 800. పరిమితికి మూడు రెట్లకు పైనే. అయిదు నమూనాలూ అవే, నీరూ అదే. సగటు కట్టిన చోట పాసయింది, సరిగ్గా కట్టిన చోట ఘోరంగా తప్పింది. ఆ 900 వచ్చిన రోజును ‘అసాధారణం’ అని పక్కన పెట్టేవాళ్లూ ఉంటారు. అది వాన మర్నాడు తీసిన నమూనా అయితే దాన్ని మించి విలువైన నమూనా మిగతా నాలుగింటిలో లేదు.

నమూనా తీయడం చూడటానికి చిన్న పని. లెక్క చెడేది ఎక్కువగా ఇక్కడే. సీసా 250 లేదా 500 మి.లీ. పట్టేది, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో శుద్ధి చేసే పాత్రలో) 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు శుద్ధి చేసినది కావాలి. మూత తీశాక లోపలి అంచును వేలితో తాకకూడదు. నడుం లోతు దాకా నడిచి వెళ్లి, మన కాళ్లు కదిపిన ఇసుక అణిగేదాకా ఆగి, అల వచ్చే దిక్కుకు సీసా మూతిని తిప్పి, నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల కింద నింపాలి. పైన రెండున్నర సెంటీమీటర్లు ఖాళీ ఉంచాలి, లేకపోతే ల్యాబ్‌లో కుదిపి కలపడం కుదరదు. ఒడ్డున నిలబడి బకెట్ విసిరి తోడిన నీరు పనికిరాదు. దాంట్లో పైనున్న నురగ, కింద లేచిన ఇసుక కలిసి వస్తాయి. ఆ ఇసుకలో ఉండే బ్యాక్టీరియా లెక్కను ఇష్టం వచ్చినట్టు పెంచేస్తుంది. పడవ వేసుకుని అర కిలోమీటరు లోపలికి వెళ్లి తెచ్చిన నీటితో ఇందుకు పూర్తి వ్యతిరేకమైన తప్పు జరుగుతుంది. అక్కడ ఎవరూ స్నానం చేయరు. స్నానం జరిగేది అలలు విరిగే పట్టీలో. విరిగే అలలు ఆ పట్టీలో చేరిన నీటిని త్వరగా బయటికి పోనివ్వవు, ఒడ్డు వెంబడే నడిపిస్తాయి. లోపలి నీరు పరిశుభ్రంగా ఉన్నంత మాత్రాన మోకాలి లోతు నీరు అలా ఉంటుందని చెప్పలేం. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) విశాఖ తీరంలో పెట్టిన బాయ్ (నీటిపై తేలే కొలత పరికరం) లాంటివి ఉప్పదనం, ఆక్సిజన్, నాచు సంగతి చెబుతాయి. వాటికి ఎంతో ప్రయోజనం ఉంది, కానీ ఒడ్డు మీది మల బ్యాక్టీరియాకు అవి జవాబు చెప్పలేవు.

సీసా నింపగానే ఐసు పెట్టెలో, చీకటిలో, 10 డిగ్రీల లోపు ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు. ఆరు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, చేరిన రెండు గంటల్లో పరీక్ష మొదలవ్వాలి. ఎండలో స్కూటర్ డిక్కీలో తిరిగిన సీసాలో లెక్క పడిపోయి ‘మంచి ఫలితం’ వస్తుంది. వేళ కూడా రాయాలి. మధ్యాహ్నం రెండింటికి ఆఫీసు పనులయ్యాక తీసిన నమూనా, తెల్లవారుజామున మునిగేవాళ్లు ఏ నీటిలో మునుగుతున్నారో చెప్పదు. నమూనా చీటీ మీద తేదీ, వేళ, పోటా పాటా, గత 24, 48, 72 గంటల్లో పడిన వాన, గాలి దిక్కు, దగ్గరలో కాలువ ఎంత దూరంలో ఉంది, అది పారుతోందా లేదా, చుట్టుపక్కల కుక్కలు, గుర్రాలు ఉన్నాయా అన్నవి ఉండాలి. ఇవి లేని అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ల్యాబ్‌లో మూడు దారులున్నాయి. మన ప్రయోగశాలల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది గొట్టాల ఎంపీఎన్ పద్ధతి, అంటే ఎన్ని గొట్టాల్లో బ్యాక్టీరియా పెరిగిందో చూసి సంఖ్యను అంచనా కట్టడం. ముందు 35 డిగ్రీల వద్ద రెండు రోజుల దాకా, ఆపైన ఈసీ అనే పోషక ద్రవంలో 44.5 డిగ్రీల వద్ద మరో 24 గంటలు. చౌక, నమ్మదగినది, కానీ అయిదేసి గొట్టాలతో చేసినా అసలు విలువ మూడింతలు అటో ఇటో ఉండవచ్చు. 44.5 డిగ్రీల నీటి తొట్టిలో అర డిగ్రీ తేడా వచ్చినా ఫలితం మారిపోతుంది, థర్మామీటరు రోజూ చూడాలి. రెండోది వడపోత. 0.45 మైక్రాన్ల పొర మీద 100 మి.లీ. నీటిని పీల్చి, ఆ పొరను ఎంటరోకాకై కోసం ఎంఈఐ అగర్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద 41 డిగ్రీల వద్ద ఒక రోజు ఉంచితే చుట్టూ నీలి వలయంతో గుంపులు కనిపిస్తాయి. వాన తరవాత మసక నీటిలో పొర పూడుకుపోతుంది. అప్పుడు 10 మి.లీ., 1 మి.లీ. చొప్పున విడిగా వడకట్టాలి. మూడోది ఎంటరోలెర్ట్ లాంటి పొడి, గళ్ల పళ్లెం. సముద్రపు నీటిని తప్పనిసరిగా పదింతలు పలుచన చేయాలి: 10 మి.లీ. నమూనా, 90 మి.లీ. శుద్ధి చేసిన డిస్టిల్డ్ నీరు. పొడి కలిపి పళ్లెంలో పోసి మూసి 41 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచి, 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిసే గళ్లు లెక్కపెట్టి, పట్టికలో చూసి, పదితో గుణించాలి. ఈ చివరి గుణకారం మరిచిపోతే 300 ఉన్న నీరు 30 అని నివేదికలో ఎక్కుతుంది. ఇదే రకం పొడితో ఈ-కోలి చూసేటప్పుడు పలుచన చేయకపోతే ఇంకో ఇబ్బంది. సముద్రంలో సహజంగా ఉండే విబ్రియో అనే బ్యాక్టీరియా జాతులు కొన్ని అందులో మెరిసి తప్పుడు లెక్క చూపిస్తాయి.

ఏ పద్ధతి వాడినా ఫలితం వచ్చేది మర్నాడే, గొట్టాల పద్ధతిలో ఇంకా ఆలస్యం. బుధవారం నీటి సంగతి త్వరగా అంటే గురువారం తెలుస్తుంది, బుధవారం మునిగినవాళ్లు అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. నాలుగైదు గంటల్లో చెప్పే జన్యు పరీక్షలు ఉన్నాయి, షికాగో బీచ్‌లలో 2017 నుంచి వాడుతున్నారు. మనకు వెంటనే అంత అవసరం లేదు. కాలిఫోర్నియాలో పాటించే మామూలు నియమం చాలు: వాన పడ్డాక 72 గంటలు సముద్ర స్నానం వద్దు, పారే కాలువ ముఖానికి రెండు వైపులా 100 గజాల లోపు ఎప్పుడూ దిగవద్దు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, వర్షమాపకం చాలు. ఆ రెండో నియమం వెనక ఉన్న కారణం కూడా గట్టిదే. 1995లో శాంతా మోనికా తీరంలో వేల మంది స్నానం చేసినవాళ్లను ఆరా తీస్తే, వాన కాలువ ముఖం దగ్గర మునిగినవాళ్లకు 400 గజాల అవతల మునిగినవాళ్లకన్నా జ్వరం, చెవి కారడం, వాంతులు, దగ్గు ఎక్కువగా వచ్చాయి.

మన గెడ్డల దగ్గరికి వద్దాం, అసలు విషయం ఇక్కడే ఉంది. గెడ్డ అంటే కొండ మీది వాన నీరు దిగే దారి. విశాఖలో కొండలు ఒక పక్క, సముద్రం ఒక పక్క కావడంతో ఈ దారులు పొట్టివి, నిటారువి. ఊరు పెరిగాక మదుముల కింద నుంచి వెళ్లే వాన కాలువల్లోకి ఇళ్ల మురుగు గొట్టాలు చేరాయి. వానాకాలంలో మాత్రమే పారాల్సిన కాలువ మే నెలలో కూడా పారుతోందంటే అందులో నీరు ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. శుద్ధి చేయని మురుగులో 100 మి.లీ.కు ఈ-కోలి పది లక్షల నుంచి కోటి దాకా ఉంటుంది. అలాంటి ఒక్క లీటరు మురుగును 100 మి.లీ.కు 100 అనే స్థాయికి దించాలంటే పది వేల నుంచి లక్ష లీటర్ల పరిశుభ్రమైన సముద్రపు నీరు కలవాలి. ‘సముద్రం ఎంత పెద్దది, కొంచెం మురుగు కలిస్తే ఏమవుతుంది’ అనేవాళ్లకు ఈ లెక్కే జవాబు. అంత నీరు అలల పట్టీలో వెంటనే దొరకదు.

వేసవిలో ఇంకొకటి జరుగుతుంది. అలలు గెడ్డ ముఖానికి అడ్డంగా ఇసుక మేట వేస్తాయి. లోపల నల్లటి మడుగు నిలుస్తుంది. అలలు లేవు, లోతు లేదు, వెచ్చగా ఉంటుంది, చిన్నపిల్లలు ఆడుకోవడానికి దిగేది అందులోనే. సముద్రంకన్నా ఆ మడుగే ఎన్నో రెట్లు ప్రమాదం. తొలకరి వానకు మేట తెగి మొత్తం ఒక్కసారే సముద్రంలో పడుతుంది. వాసన వస్తోందని ఆదివారం పూట జేసీబీతో మేట తెగ్గొడితే అదే పని మనం చేతులారా, జనం నిండుగా ఉన్న రోజున చేసినట్టు. తప్పనిసరైతే వారం మధ్యలో, జనం లేని వేళ తెగ్గొట్టి, ఆ తరవాత మూడు రోజులు ఆ వైపు తాడు కట్టి ఉంచాలి.

దీనికి ఇంజినీరింగ్ పరిష్కారం ఉంది. ఎండాకాలపు పారుదలను సముద్రంలోకి వదలకుండా భూగర్భ డ్రైనేజీకి మళ్లించడం. శాంతా మోనికాలో కాలువల పొడికాలపు నీటిని ఇలాగే మళ్లించి శుద్ధి చేస్తున్నారు. గెడ్డలో పోటు నీరు అందని ఎత్తున చిన్న అడ్డుగోడ కట్టాలి. దాని వెనక చెత్త జల్లెడ, ఇసుక దిగే గుంట, ఆపైన పంపు, అక్కడి నుంచి మురుగు పంపింగ్ స్టేషన్‌కు గొట్టం. పెద్ద వాన వస్తే నీరు గోడ మీదుగా పొర్లి సముద్రంలోకి పోతుంది, ఊరు మునగదు. ఇవి పాడయ్యేది డిజైన్‌లో కన్నా నిర్వహణలోనే ఎక్కువ. ప్లాస్టిక్ కవర్లతో జల్లెడ ఒక్క రోజులో పూడిపోతుంది, రోజూ తీసే మనిషి కావాలి. ఇసుక గుంట పక్షానికోసారి తోడకపోతే పంపు రెక్కలు అరిగిపోతాయి. కరెంటు పోతే పంపు ఆగి మొత్తం సముద్రం పాలవుతుంది, కాబట్టి జనరేటరు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం గోడ ఎత్తు. మార్చిలో కొలిచిన పోటుకు గోడ కడితే నవంబరు పౌర్ణమికి సముద్రపు నీరు లోపలికి వస్తుంది. ఆ ఉప్పు మురుగు శుద్ధి కేంద్రానికి చేరితే అక్కడ పనిచేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. గోడకు సముద్రం వైపు రబ్బరు తలుపు పెడితే కొంత రక్షణ.

మళ్లింపుతో పాటు దొంగ కనెక్షన్లు వెతకాలి. పెద్ద ఖర్చేమీ కాదు. పొడి రోజున కాలువ వెంట పైకి నడుస్తూ ప్రతి మదుము దగ్గరా అమోనియా కిట్‌తో చూస్తూ వెళ్తే, ఎక్కడ అమోనియా ఒక్కసారిగా పెరిగిందో ఆ వీధిలో గొట్టం కలిసినట్టు. అనుమానం ఉన్న ఇళ్లలో మరుగుదొడ్డిలో ఫ్లోరెసిన్ రంగు పోసి కాలువలో పచ్చగా వస్తుందేమో చూడాలి. రంగు కనిపించాక నోటీసుతో ఆగిపోతే లాభం లేదు. ఆ వీధిలో భూగర్భ డ్రైనేజీ లైను ఉందో లేదో చూడాలి, లేకపోతే ఆ ఇంటివాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఇసుక గురించి రెండు మాటలు. తడి ఇసుకలో మల బ్యాక్టీరియా పక్కనున్న నీటిలోకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది, ఎండ లోపలికి దిగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో బీచ్ ఇసుకకు గ్రాముకు 60 ఎంటరోకాకై అనే తాత్కాలిక పరిమితిని మొదటిసారి సూచించింది. మన దగ్గర ఇసుక పరీక్ష మొదలుపెట్టడానికి ఇది చాలు. ఇసుకలో ఆడి అవే చేతులతో మురీ మిక్చర్ తినే పిల్లలకు ముప్పు నీటిలో దిగకపోయినా ఉంటుంది. నీటిలో దిగితే పెద్దలకన్నా వాళ్లే ఎక్కువ మింగుతారు. ఈతకొలనులో కొలిచి చూసిన ఒక అధ్యయనంలో 45 నిమిషాల్లో పెద్దలు సగటున 16 మి.లీ. నీరు మింగితే పిల్లలు 37 మి.లీ. మింగారు.

ఈ కార్తీకానికి అడ్డుగోడలు కట్టడం సాధ్యం కాదని మాకు తెలుసు. సాధ్యమైనవే అడుగుతున్నాం. స్నానాలకు పేరున్న ప్రతి తీరంలో కార్తీకం మొదలవడానికి నెల ముందు నుంచి వారానికోసారి, తెల్లవారుజామున, స్నానం చేయించబోయే చోటే, నడుం లోతులో నమూనా తీయాలి. ఫీకల్ కోలిఫాంతో పాటు ఎంటరోకాకై లెక్కపెట్టాలి. పౌర్ణమి పాటు వేళ ఒక నమూనా, వాన పడిన మర్నాడు ఒక నమూనా తప్పక ఉండాలి. గెడ్డ పక్కన 10, 50, 100, 200 మీటర్ల దూరాల్లో ఒక్క ఉదయం తీసిన నాలుగేసి సీసాలు, బారికేడ్ ఎక్కడ కట్టాలో ఏ సమావేశం కన్నా బాగా చెబుతాయి. విశాఖలో నగరపాలక సంస్థ, కాలుష్య నియంత్రణ మండలి, ఆంధ్ర విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. పని పంచుకుంటే భారం కాదు.

స్నాన ఘట్టాన్ని గెడ్డకు ఏ వైపు పెట్టాలన్నదీ చూడాలి. నైరుతి కాలంలో ఒడ్డు వెంబడి నీరు ఎక్కువగా ఉత్తరం వైపు, ఈశాన్య కాలంలో దక్షిణం వైపు నడుస్తుంది. కాబట్టి కార్తీకంలో సాధారణంగా గెడ్డకు ఉత్తరాన దింపడం మేలు. అయితే ఏ రోజు గాలి ఆ రోజుది. తెల్లవారుజామున గెడ్డ ముఖం దగ్గర ఒక నిమ్మకాయో కొబ్బరికాయో అలల్లోకి విసిరి అయిదు నిమిషాలు చూస్తే ఎటు కొట్టుకుపోతోందో తెలుస్తుంది. అది పోయే వైపు జనాన్ని దింపకూడదు.

బోర్డు మీద ఏం రాయాలన్నది కూడా చెబుతాం, లేకపోతే ‘నాణ్యత సంతృప్తికరం’ అని రాసి ఊరుకుంటారు. నమూనా తీసిన తేదీ, వేళ, చోటు. ఎంటరోకాకై ఎంత, పరిమితి ఎంత. ఫీకల్ కోలిఫాం ఎంత, పరిమితి ఎంత. చివరి అయిదు నమూనాల అంకెలు వరసగా. చివరిసారి వాన పడిన తేదీ. కింద ఒకే వాక్యం, దిగవచ్చు లేదా దిగవద్దు. హాంకాంగ్‌లో చివరి అయిదు నమూనాల ఈ-కోలి జ్యామితీయ సగటును బట్టి బీచ్‌లకు నాలుగు గ్రేడులు ఇస్తారు. 24 దాకా మంచిది, 180 దాకా ఫర్వాలేదు, 610 దాకా బాగోలేదు, ఆపైన చాలా చెడ్డది. ఎవరికైనా అర్థమవుతుంది. అలాంటిది తెలుగులో, పెద్ద అక్షరాలతో, బస్సు దిగే చోటే పెట్టాలి.

ఫలితాలు వచ్చేదాకా స్నానానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. వాన పడి మూడు రోజులు కాకపోతే తల ముంచకుండా నీళ్లు చల్లుకోవడంతో సరిపెట్టండి. కాలువ కనిపిస్తే కనీసం వంద మీటర్లు అవతలికి నడవండి. కాలికి పుండో తెగిన గాయమో ఉన్నవాళ్లు, చక్కెర వ్యాధి, కాలేయ వ్యాధి ఉన్నవాళ్లు నీటిలో దిగకపోవడం మంచిది. వెచ్చటి సముద్రంలో సహజంగా ఉండే విబ్రియో గాయంలోంచి లోపలికి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది, పైన చెప్పిన పరీక్షలేవీ దాన్ని పట్టుకోలేవు. పసిపిల్లలను మడుగుల్లో ఆడనివ్వవద్దు. బయటికి రాగానే మంచినీటితో ఒళ్లు, ప్రసాదం ముట్టే ముందు సబ్బుతో చేతులు కడగండి. ఆ రెండింటికీ సరిపడా కుళాయిలు, స్నాన ఘట్టానికి యాభై అడుగుల లోపే పెట్టించే బాధ్యత ఏర్పాట్లు చూసే అధికారులది.

ఇట్లు,
తీర జలాల సూక్ష్మజీవ పరీక్షల పనిలో ఉన్న కొందరు,
విశాఖపట్నం